ఒంటిగంటకి ఇంద్రమోహన్

అచ్చిబాబుకి దురలవాట్లు లేవు. సిగరెట్టు ముట్టడు, పేక పట్టడు, పరాయి ఆడదాని వంక చూడాలంటే ముందు కళ్ళజోడు వెతుక్కోవాలి, అదెక్కడ పెట్టాడో చెప్పాల్సింది మళ్ళీ శిరీషే. చిక్కల్లా అక్కడే వచ్చింది. ఏ దురలవాటూ లేని మగాడు తప్పు ఒప్పుకోవడం ఎక్కడ నేర్చుకుంటాడు? పందొమ్మిదేళ్ళ కాపురంలో "తప్పు నాది" అన్న రెండు ముక్కలు ఆయన నోటి వెంట ఆవిడ వినలేదు. కూరలో ఉప్పెక్కువైతే ఆ ఉప్పు అమ్మినవాడిది తప్పు. కారు దారి తప్పితే బహ్రెయిన్ రోడ్లది తప్పు, ఈ చివర తుమ్మితే ఆ చివర శతాయుస్సనే దేశంలో దారి తప్పడం కూడా ఒక విద్యే అనుకోండి. అమ్మాయికి లెక్కల్లో మార్కులు తగ్గితే శిరీష పుట్టింటివాళ్ళ రక్తానిది తప్పు. అలాంటి మనిషి, సినిమావాళ్ళంటే "రంగు మొహాలు" అని పందొమ్మిదేళ్ళుగా ఈసడించిన మనిషి, ఇవాళ పొద్దున్న నీలం సఫారీ తొడుక్కుని, మెడకి రెండు వైపులా సెంటు కొట్టుకుని, పన్నెండు కొట్టకముందే కారేసుకుని హోటలుకి పోయాడు. హీరో ఇంద్రమోహన్ని ఒంటిగంటకల్లా భోజనానికి తీసుకురావడానికి. ఎవరి హీరో? అది కదా అడగాల్సింది. ఇంద్రమోహన్ ఎవరి హీరో? కాకినాడ విమెన్స్ హాస్టల్లో పదకొండో నంబరు గది తలుపు వెనకాల ఆయన బొమ్మ అతికించుకున్నదెవరు? ఇప్పుడేమో తెలుగు సంఘం కార్యదర్శి హోదాలో ఆ హీరో పక్కన కారు ముందు సీట్లో కూర్చుని వచ్చేది అచ్చిబాబు, గారెలు వేయించి వేయించి జిడ్డోడుతున్న మొహంతో తలుపు తీసేది శిరీష.

హాల్లో గడియారం పన్నెండూ పావు చూపిస్తోంది. వంటింట్లో గడియారం మూడింటికి పావు తక్కువ. వంటింటిది ఇండియా టైము. కాకినాడలో పెట్టె సర్దేటప్పుడు చీరల మధ్య చుట్టిన గడియారం, ఇక్కడ దిగి విప్పేసరికి టిక్కు టిక్కుమంటూనే ఉంది, నడుస్తున్నదాని ముల్లు పట్టుకుని వెనక్కి తిప్పబుద్ధి కాలేదు. అలా పదమూడేళ్ళుగా అందులోంచి రెండున్నర గంటలు తీసేసుకుంటూ పప్పు ఉడకేస్తోంది. ఒక కొంపలో రెండు టైములేమిటే అంటాడు అచ్చిబాబు. రెండు బుర్రలున్న కొంపలో రెండు టైములుండడం న్యాయమే కదా అని ఆవిడ లోపల అనుకుంటుంది. బల్ల మీద అరిటాకులు, బుదైయా తోటలదాకా వెళ్ళి నిన్ననే కోయించుకొచ్చినవి, ఏసీ గాలికి అంచులు ముడుచుకుంటున్నాయి. తడిగుడ్డ కప్పాలి. కప్పింది. పక్క ఫ్లాట్ గజాలా ఇచ్చిన పెద్ద డేగిశాలో కోడిపలావు, మూత తియ్యకూడదు, తీస్తే ఆవిరి పోతుంది, తియ్యకపోతే అడుగున మెత్తబడుతుంది. గుత్తివంకాయ. హమూరు చేప పులుసు. పరవాన్నం మీద అప్పుడే మీగడ కడుతోంది. గరిటెతో తోసింది. శుక్రవారం మధ్యాహ్నం సల్మానియా వీధిలో మసీదు మైకులోంచి ప్రసంగం అయిపోయింది, కార్లు ఒక్కటొక్కటే కదులుతున్నాయి, ప్రతి కారూ వాళ్ళింటి ముందే ఆగినట్టుంటుంది, ఏదీ ఆగదు. సమయపాలనకి మారుపేరట ఇంద్రమోహన్! షూటింగుకి ఒక్క నిమిషం ఆలస్యంగా వెళ్ళి ఎరగడని అప్పట్లో పత్రికలన్నీ రాసేవి, అది చదివి శిరీష కూడా ఎకనామిక్స్ క్లాసుకి రెండేళ్ళు పరుగెత్తుకుంటూ వెళ్ళింది. చూద్దాం, ఇంకా ముప్పావుగంట ఉందిగా.

వెనక మెట్ల మీద వెంకటి ఉన్నాడు. పొద్దున్న తొమ్మిదింటికే వచ్చాడు, ఉతికిన చొక్కా, తల నున్నగా దువ్వుకుని, చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో మల్లెల దండ, ఈ ఎండల దేశంలో ఎవరినడిగి ఎక్కడ కట్టించాడో. మెట్‌పల్లి దగ్గర పల్లె అతనిది, నువైద్రాత్ పక్కన లేబర్ క్యాంపులో ఉంటాడు, గోడలు కడతాడు. ఊళ్ళో ఇంద్రమోహన్ అభిమాన సంఘానికి అధ్యక్షుడు, దుబాయి వచ్చి ఏడేళ్ళయినా ఆ పదవికి రాజీనామా చెయ్యలేదు. (బహ్రెయినయ్యా ఇది అంటే, అదే అమ్మా దుబాయి అంటాడు.) ప్రతి శుక్రవారం పొద్దున్న క్యాంపులవాళ్ళు నలుగురైదుగురు శిరీష దగ్గరికి ఉత్తరాలు రాయించుకోడానికి వస్తారు. వాళ్ళని మొదట పోగేసి తెచ్చింది వెంకటే. ఒక్కొక్కరు చెబుతుంటే ఆవిడ రాస్తుంది, మధ్యలో కామాలు తన సొంతం. నిన్నటి సంఘంవాళ్ళ సినీ సంబరానికి కుటుంబాలకి తప్ప పాసులు ఇవ్వం అన్నారు. క్యాంపుల్లో కుటుంబాలెక్కడివి? "నువ్వు దిగులుపడకు, శుక్రవారం మా ఇంటికే వస్తాడుగా, వచ్చి చూద్దువు గాని" అని శిరీష మాటిచ్చేసింది. ఆ మాటకి అచ్చిబాబు రాత్రి అన్నం కలుపుతూ కలుపుతూ ఆగిపోయాడు. "ఆయన ముందు ఈ క్యాంపు జనమెందుకు శిరీ? హాల్లో రఫ్‌గా ఉంటుంది. నీకు తెలీదు." ఏం తెలీదో చెప్పడు. సరే, వెనక మెట్ల మీద కూర్చోమందాం, పరవాన్నం వేళకి పిలుద్దాం అని శిరీషే మధ్యేమార్గం కనిపెట్టింది. మధ్యేమార్గాలు కనిపెట్టడంలో ఆవిడ దిట్ట. మెట్ల మీద ఎండ పడుతోందేమో. చూద్దామని లేచి మళ్ళీ కూర్చుంది. చూస్తే లోపలికి రమ్మనాలి.

అసలు పొద్దున్నించీ ఒక్కళ్ళు పని సాగనిచ్చారా? గజాలా రెండుసార్లు, చిన్నప్లేట్లు చాలుతాయా అని ఒకసారి, మీ హీరో మా హిందీ హీరో అంత పొడుగుంటాడా అని ఇంకోసారి. గ్యాసువాడు. ఇంటివోనరు అరబ్బుగారి డ్రైవరు. పదిన్నరకి, చేతినిండా గారెల పిండి ఉండగా, మళ్ళీ బెల్లు. మోచేత్తో గడియ తీసి చూస్తే ఎవరో బట్టతల ముసలాయన, నెత్తిమీద తడిపిన చేతిరుమాలు, దళసరి కళ్ళద్దాలు, కాలికి స్పాంజి చెప్పులు. "అచ్చిబాబుగారి ఇల్లు ఇదేనామ్మా?" గొంతు తుప్పుపట్టిన గేటులా ఉంది. ఇవాళ ఉత్తరాలు రాయనని క్యాంపుల్లో అందరికీ చెప్పమని వెంకటికి మరీమరీ చెప్పింది, ఒక్కడు వింటే కదా! "ఇదే గానీ, ఇవాళ ఉత్తరాలు లేవు పెద్దాయనా, ఇంటికి పెద్దమనిషి వస్తున్నాడు. వచ్చే శుక్రవారం రండి." ఆయన చేతి గడియారం చూసుకున్నాడు. "ఒంటిగంట దాటిపోతోందని కంగారుపడి వచ్చానమ్మా." ఈ జనంలో సగంమంది ఇంతే, చేతికి ఇండియా టైము కట్టుకుని తిరుగుతారు, కడుపుకి మాత్రం ఇక్కడి టైములో ఆకలేస్తుంది. ఆవిడ అదే చెప్పబోయి, పిండి ఆరిపోతోందని చెప్పలేదు. ఆయన చెవి పట్టుకుని గుమ్మంలో అలాగే నిలబడ్డాడు. క్షమాపణ కాబోలు. పెద్దవాడు చెవులు పట్టుకుంటుంటే చూస్తూ ఊరుకోలేక, "వెనకవైపు మెట్లున్నాయి, వెంకటి అని ఉన్నాడు, వెళ్ళి నీడలో కూర్చోండి" అని చెప్పి, వంటింటి వైపు తలుపులోంచి రాత్రి మిగిలిన పెరుగన్నం స్టీలు పళ్ళెంలో వేసి ఆవకాయ బద్దతో ఇచ్చేసింది. గారెలు రెండు పెట్టచ్చు. పెట్టలేదు. మొదటి వాయి దేవుడికి. దేవుడంటే ఇవాల్టికి ఇంద్రమోహన్.

దేవుడేమిటి, దేవుడు! పదహారేళ్ళప్పుడు నిజంగానే దేవుడు. సినిమా విడుదల రోజున హాస్టల్లో పద్నాలుగుమంది ఉపవాసం, సాయంత్రం ఆటయ్యాక బజ్జీలతో పారణ. మాట్లాడేముందు ఎడమ చెవి తమ్మె పట్టుకుని ఒక్క క్షణం ఆగేవాడు ఇంద్రమోహన్. విలన్ని కొట్టబోయేముందు, హీరోయిన్ని క్షమించబోయేముందు, తల్లి ఫోటో ముందు, ఆ ఒక్క క్షణం. హాలంతా ఊపిరి బిగబట్టేది. హాస్టల్లో అందరికీ అదే అలవాటయింది, వార్డెను మందలిస్తుంటే పద్నాలుగు చేతులు పద్నాలుగు ఎడమ చెవుల మీదికి పోయేవి, మీకేమన్నా చెవిపోటా అనేది ఆవిడ. నవ్వొచ్చింది శిరీషకి, నవ్వబోయి బల్ల మీద ఈగని చూసి విసుక్కుంది. నలభై ఒక్క ఉత్తరాలు రాసింది ఆయనకి. ఒకటీ రెండూ కాదు. నలభైలో అంతా స్తోత్రమే, ఫలానా సీన్లో మీరు ఏడ్చినప్పుడు మేము రెండు రోజులు అన్నం తినలేదు వగైరా. నలభై ఒకటోది మాత్రం నిజం ఉత్తరం. బీఏ అయిపోయింది, ఆంధ్రా యూనివర్సిటీలో ఎమ్మేకి సీటొచ్చింది, ఇంట్లో సంబంధం చూశారు, నాన్న నీ ఇష్టమే అన్నాడు గానీ ఆ అనడంలో ఇష్టం లేదు, మీరు ఏం చెబితే అది చేస్తాను, చదవమంటారా చేసుకోమంటారా అని రెండు పేజీలు రాసి, జవాబుకి స్టాంపు అతికించిన కవరు కూడా పెట్టింది. పన్నెండో రోజున అదే కవరులో అచ్చేసిన ఫోటో కార్డు వచ్చింది, కింద రబ్బరుస్టాంపు సంతకం, పైన ఎర్రక్షరాల్లో శుభాకాంక్షలు. శుభాకాంక్షలంటే పెళ్ళికి కాక ఎమ్మేకి చెబుతారా ఎవరైనా? ఇరవయ్యొక్కేళ్ళ బుర్ర. చేసేసుకుంది.

పెళ్ళికొడుకు ఫోటో కూడా ఆ కుట్రలో భాగమే. రామచంద్రపురం స్టూడియోలో తీయించిన ఫోటోలో అచ్చిబాబు ఎడమ చెవి తమ్మె పట్టుకుని, కళ్ళు కాస్త పైకెత్తి, విలన్ని క్షమించబోతున్నట్టు ఉన్నాడు. ఇంకేం కావాలి? ఆ స్టూడియోవాడు ఆ రోజుల్లో కరణంగారి దగ్గర్నుంచి కసాయివాడిదాకా అందర్నీ అదే భంగిమలో కూర్చోబెట్టాడని తెలిసింది పెళ్ళయిన మూడో నెలలో, అచ్చిబాబు మేనత్త చెవి పట్టుకుని దిగిన ఫోటో చూశాక. "మరి ఆ చెయ్యెందుకలా పెట్టారండీ?" అనడిగితే, "పెట్టమన్నాడు, పెట్టాను, అందులో నా తప్పేముంది" అన్నాడు ఆయన. మొదటిసారి అప్పుడే విన్నది ఆ మాట. మనిషి చెడ్డవాడు కాడు. జ్వరమొస్తే రాత్రంతా కూర్చుంటాడు, కాకపోతే జ్వరం ఐస్‌క్రీం వల్ల వచ్చిందని ప్రతి గంటకీ గుర్తు చేస్తాడు. కానీ ఎమ్మే పోయింది. ఎవరి మీద కోప్పడాలి దానికి? అచ్చిబాబుకి అసలు విషయమే తెలీదు. నాన్న ఇష్టమే అన్నాడు. మిగిలింది ఇంద్రమోహనే. పందొమ్మిదేళ్ళు ఆయన మీదే కోపం. ఏ దేవుడి మీదైనా ఇంతకాలం కోపంగా ఉండగలిగితే దాన్నే భక్తంటారేమో.

ఇక్కడికొచ్చాక మనామాలో క్యాసెట్ల షాపు పుణ్యమాని ఆయన సినిమాలు ఆరు నెలల ఆలస్యంగా వచ్చేవి, నకలుకి నకలు, దానికి మళ్ళీ నకలు, మొహాలన్నీ సున్నం కొట్టినట్టుండి ఎవరు ఏడుస్తున్నారో ఎవరు నవ్వుతున్నారో గొంతుని బట్టి పోల్చుకోవాలి. అయినా ప్రతిదీ చూసింది, తిట్టుకుంటూ చూసింది. కువైట్ యుద్ధం జనవరిలో కిటికీలకి ప్లాస్టిక్ కాగితాలు అంటించుకుని, సైరను మోగినప్పుడల్లా తడిగుడ్డలు పట్టుకుని ఒకే గదిలో కూర్చున్న వారంలో, వేసుకున్నది ఆయన క్యాసెట్టే. టీవీ పెట్టెలో ఆయన ఒంటిచేత్తో బాంబు పీకేస్తుంటే గజాలా పగలబడి నవ్వింది, "ఇతన్ని ఇక్కడికి పంపించమనండి బాజీ." బాజీ అంటే అక్క. శిరీషకి కోపమొచ్చింది. గజాలా మీదో ఆయన మీదో తెలియలేదు. ఆ తర్వాతే మొదలయింది వయసు కనిపించడం. మొన్నటి సినిమాలో మళ్ళీ కాలేజీ కుర్రాడు, నెత్తిన కాకి గూడంత విగ్గు, పక్కన హీరోయిను తమ అమ్మాయి కన్నా చిన్నది. "వాడు నీ హీరోనా మమ్మీ? విగ్గు తాతయ్యా?" అంది సెలవులకి వచ్చిన కూతురు. శిరీష నెరిసిన చెంపలకి రంగు వేసుకుంటోంది అప్పుడు, చేతిలో బ్రష్షు, అద్దంలో కూతురు. ముసలాడివైపోయావు, ఒప్పుకోవయ్యా! అని అద్దంలోకే అంది. ఒప్పుకోరు. మగాళ్ళెవరూ ఒప్పుకోరు, తెరమీదవాళ్ళూ ఒప్పుకోరు, తెర ఇవతలవాళ్ళూ ఒప్పుకోరు.

నిన్న స్టేజీ మీద ఆయన్ని నాలుగో వరసలోంచి చూసింది. నల్లకళ్ళద్దాలు, తెల్ల సూటు, విగ్గు. జలుబు చేసిందట, మైకులో రెండే రెండు మాటలు మాట్లాడి మిగతాదంతా క్యాసెట్టు పాటకి పెదాలు కదిపాడు. అచ్చిబాబు శాలువా కప్పి, జేబులోంచి విజిటింగ్ కార్డు తీసి చేతిలో పెట్టి, "రేపు మా ఇంట్లో ఒంటిగంటకి, కారు పన్నెండున్నరకల్లా మీ హోటలు దగ్గరుంటుంది" అని ఆయనకోసారీ ఆయన మేనేజరుకోసారీ చెప్పడం చుట్టుపక్కల పాతికమంది విన్నారు. అప్పుడే నిశ్చయించుకుంది శిరీష. అడిగేస్తుంది. పరవాన్నం వడ్డిస్తూ, తాపీగా, అచ్చిబాబు ఎదుటే. నలభై ఒకటో ఉత్తరం చదివారా మీరు? చదివే ఆ కార్డు పంపారా? అంతే. చదివానంటే ఆ నిర్ణయానికి ఒక మనిషి తోడున్నట్టు. చదవలేదంటే... చదవలేదంటే ఏమిటో అక్కడిదాకా ఆలోచించబుద్ధి కావట్లేదు. వండిన పదార్థాలన్నీ ఆ ఒక్క ప్రశ్న చుట్టూ వడ్డన, గారెలతో సహా. హాలు గడియారం ఒంటిగంటకి ఇరవై నిమిషాలు తక్కువ చూపించేసరికి ఫోను మోగింది.

"శిరీ, ఆయన గదిలో లేడు." అచ్చిబాబు గొంతులో సెంటు వాసన కూడా దిగిపోయింది. "పది దాటగానే ఎటో వెళ్ళాడట, కౌంటరువాళ్ళు చెబుతున్నారు. ఒక్కడే, టాక్సీలో. మేనేజరుగాడు గుర్రుపెట్టి నిద్ర. నాలుగింటికి ఫ్లయిటు. ఎవరో ఎగరేసుకుపోయుంటారు, ఆ సంఘం ప్రెసిడెంటుకి మొదటినుంచీ నా మీద కడుపుమంట..." పెట్టేశాడు. లేడట. టాక్సీలో. శిరీష రిసీవరు చేతిలో పట్టుకుని నిలబడింది. చూశావా, అంతే వీళ్ళు. నెత్తికెక్కించుకున్నది మనమే. ఇంకెవరింట్లోనో బిర్యానీ తింటూ, ఇంకెవరి భార్యకో చెవి తమ్మె పట్టుకుని... సమయపాలనట! ఒక్క నిమిషం ఆలస్యంగా వెళ్ళి ఎరగడట! పదింటికే ఎక్కడికి? పదింటికి ఏం పని? ఆకుల మీద గుడ్డ సర్దింది, మళ్ళీ తీసింది. నోరారా తిట్టడానికి వంటింట్లోకి వెళ్ళింది, అక్కడైతే వినేవాళ్ళు లేరు. వంటింటి గడియారం మూడూ పది. అలవాటుగా రెండున్నర తీసేసింది, పన్నెండూ నలభై. తీసేస్తే పన్నెండూ నలభై. పొద్దున్న గారెల పిండితో ఉన్నప్పుడు ఇదే గడియారం ఒంటిగంట దాటింది, అప్పుడూ తీసేసింది, పదిన్నర. తియ్యకపోతే? తియ్యనివాడెవడైనా ఉంటే? రెండు రోజుల కోసం గడియారం తిప్పుకోవడమెందుకులే అనుకున్నవాడు? కారు పన్నెండున్నరకి రాలేదే, ఒంటిగంట కావస్తోందే అని కంగారుపడి, కార్డు పట్టుకుని టాక్సీ ఎక్కినవాడు? జలుబు. తుప్పు గేటు గొంతు. చెవి. ఏ చెవి? ఆయన గుమ్మంలో నిలబడ్డాడు, వీధి వైపు గోడకి ఏ చెయ్యి, లోపలి వైపు ఏ చెయ్యి... రెండు చెవులూ పట్టుకోలేదు. క్షమాపణ చెప్పేవాడు రెండు చెవులూ పట్టుకుంటాడు. ఒక్క చెవి. ఎడమ చెవి. ఎంతసేపు? ఒక్క క్షణం. పద్నాలుగుమంది ఊపిరి బిగబట్టిన ఆ ఒక్క క్షణం తన గుమ్మంలో జరిగింది, తను పిండి ఆరిపోతోందని చూసుకుంది.

వెనక తలుపు తీసింది. వెంకటి చివరి మెట్టు మీద కూర్చుని ఉన్నాడు, నీడ అతని మోకాళ్ళదాకా వెనక్కి తగ్గింది. కడిగి బోర్లించిన స్టీలు పళ్ళెం. ప్లాస్టిక్ కవరు ఖాళీగా, మడిచి జేబులో.

"వెంకటీ, దండేది?"

అతను లేచి నిలబడ్డాడు. అబద్ధమాడడానికి మొహం సర్దుకోబోయి మానుకున్నాడు. "ఏసిన అమ్మా."

"ఆయనేనా?"

"ఆయనే. జెప్పద్దన్నరు. పాపం పనిల ఉన్నది, తెలిస్తె మనసు కష్టం జేస్కుంటది అన్నరు."

"నీకెలా తెలిసింది? ఆ తల..."

"నాకెందుకు ఎరుక లేదమ్మా," అన్నాడు వెంకటి, పదవిలో ఉన్నవాడి గౌరవంతో. "ఎనభైనాలుగుల రెండు బస్సులు గట్టుకొని మద్రాసు పోతిమి, పుట్టినరోజుకు. తెల్లారంగ అందరికన్న ముందు గేటుకాడికి పోయింది నేనే. బనీను మీద, నోట్ల పండ్లపుల్ల, గుండు. సూసిన. ఇగ బస్సులున్నోళ్ళకు జెప్పలె. ఊళ్ళె గూడ ఎవ్వలికి జెప్పలె. పదకొండేండ్లాయె."

"తెలిసి కూడా అధ్యక్షుడిగా ఉన్నావా?"

"గుండు ఉంటె ఏమాయెనమ్మా? మనిషి ఆయననే గదా." ఇదేం ప్రశ్న అన్నట్టు చూశాడు. "ఆవకాయ తొక్కు మంచిగున్నదని ఏళ్ళు నాకిన్రు. ఇంటికాడ ఆమెకు షుగరట, మందులేళకు ఫోను జెయ్యాలని గడియారం మద్రాసు టైముకే ఉంచిన్రట. మీరు మాకు ఉత్తరాలు రాస్తరని జెప్పిన. మంచిగ సంతోషపడ్డరు. 'నాకు గూడ ఉత్తరాలు బస్తాలు బస్తాలు అచ్చేటియి, ఒక్కటన్న సదవలె, మా ఇంట్ల పొయ్యికింద బెట్టి తానానికి నీళ్ళు కాగవెట్టెటోళ్ళు' అన్నరు. నవ్విన్రు. నవ్వినంక పళ్ళెం ఆయననే కడిగి బోర్లించిన్రు. ఇగ టాక్సీ ఆయనను సముద్రం సూపియ్యమని పోయిన్రు."

నీళ్ళు కాగపెట్టేవాళ్ళు. శిరీష తలుపు చట్రం పట్టుకుని ఆ మాటనే చూస్తూ నిలబడింది. నలభై ఒక్క ఉత్తరాలు, ఒక్కొక్కటి రెండు పేజీలు, సగం చెంబు నీళ్ళైనా వెచ్చబడ్డాయా అయ్యా? తను పంపిన స్టాంపు కవర్లో ఎవరో గుమాస్తా కార్డు పడేసి నాలికతో తడిపి అతికించాడు, అది చూసుకుని ఆవిడ ఒక జీవితం ఎంచుకుంది. ఎంచుకున్నది తనే. ఆయనకి పాపం ఈ సంగతే తెలీదు. అచ్చిబాబుకీ తెలీదు. మొగుడి తప్పులూ దేవుడి తప్పులూ పందొమ్మిదేళ్ళు ఏరుకుంటూ కూర్చున్న మనిషి ఒక్కతే, దానికి బీఏ డిగ్రీ కూడా ఉంది. గుమ్మంలోకొచ్చిన మనిషితో ఇవాళ ఉత్తరాలు లేవు పొమ్మంది. నవ్వొస్తోంది, ఏడుపు కూడా వస్తోంది. "మరి చూడడం అయిపోయిందిగా, క్యాంపుకి పోకుండా ఇంకా ఈ ఎండలో ఎందుకు కూర్చున్నావు?" అంది, అది కూడా విసుక్కుంటున్నట్టే వచ్చింది.

"పరమాన్నమేళకు పిలుస్త అన్నరు గదమ్మా," అన్నాడు వెంకటి. "పోతె మీరు ఎందుకు పోయినవని అడుగరా?"

ముందు తలుపు దడేలుమంది. అచ్చిబాబు. సఫారీ చంకల దగ్గర నల్లగా తడిసిపోయి, కళ్ళజోడు జారిపోతూ, తాళాలగుత్తి సోఫా మీదికి విసిరేసి హాల్లోంచి వంటింటి గుమ్మందాకా వచ్చేశాడు. "అంతా ఆ మేనేజరుగాడి తప్పు! లేచి ఇప్పుడు చెబుతాడూ, వాళ్ళ గడియారాలు ఇండియా టైములోనే ఉన్నాయట. పన్నెండున్నరకి కారొస్తుందని నేను స్పష్టంగా చెప్పాను. ఏ దేశం పన్నెండున్నరో వాడు అడగాలా వద్దా? ఆ హోటలువాళ్ళకన్నా బుద్ధుండాలా వద్దా? పాతికమంది ముందు చెప్పాను శిరీ, రేపు సంఘంలో నా మొహం..." ఆగి ఊపిరి పీల్చుకున్నాడు. అప్పుడు అడిగాడు. "ఇంటికి గాని వచ్చాడా ఏమిటి? నువ్వు ఇంట్లోనే ఉన్నావుగా?"

శిరీష నోరు తెరిచేలోపు వెనక తలుపులోంచి వెంకటి అన్నాడు, "ఎవ్వలు రాలె సారూ. నేను పొద్దటిసంది ఈడనె ఉన్న."

చెప్పులు బయట విడిచి, గడప ఇవతలికి కాలు పెట్టకుండా, తల వంచుకుని చెప్పాడు. ఎంత చక్కగా చెప్పాడో. పదకొండేళ్ళు ఒకరి గుండుని దాచినవాడు ఇది దాచలేడా? ఊరుకుంటే చాలు. తప్పు మేనేజరుది, హోటలుది, సంఘం ప్రెసిడెంటుది, మద్రాసు టైముది. పలావు గజాలా పిల్లలు తింటారు. వచ్చే శుక్రవారం వెంకటి మళ్ళీ మెట్ల మీద కూర్చుంటాడు, ఆవిడ కామాలు పెడుతుంది. ఇంత సుఖంగా ఉంటుందన్నమాట, ఈయన పందొమ్మిదేళ్ళుగా ఉన్నచోట! అచ్చిబాబు అనని మాటని లెక్కపెట్టడంలోనే సరిపోయింది గాని, ఆ రెండు ముక్కలు ఈ ఇంట్లో తను మాత్రం ఎప్పుడన్నది? వెతికింది. ఒక్కటీ దొరకలేదు. చెయ్యి దానంతటదే ఎడమ చెవి దగ్గరికి పోబోయింది, దించేసుకుంది.

"వచ్చారండీ," అంది.

"ఎవరు?"

"ఇంద్రమోహన్. పదిన్నరకి వచ్చారు. ఎవరో ఉత్తరం రాయించుకోడానికి వచ్చిన ముసలాయన అనుకుని, గుమ్మంలోంచే పంపించేసి, వెనక మెట్ల మీద కూర్చోబెట్టి రాత్రి పెరుగన్నం పెట్టాను."

తప్పు మోపడానికి మనిషి ఎదురుగా దొరికితే ఏం చెయ్యాలో అచ్చిబాబుకి అలవాటు లేదు, కళ్ళజోడు తీసి సఫారీ అంచుతో తుడుచుకోవడం మొదలెట్టాడు. శిరీష ఆయన్ని దాటి వెనక తలుపు దాకా వెళ్ళింది.

"వచ్చింది ఇంద్రమోహన్ కాకపోయినా అది అన్నం పెట్టే పద్ధతి కాదు. నిన్ను కూడా పొద్దున్నించీ అక్కడే ఉంచాను వెంకటీ. సారు వద్దన్నారని కాదు, ఆయన మీదికి నెట్టేశాను గాని, నాకూ అదే సబబనిపించింది. లోపలికి రా. వచ్చి ఆ బల్ల దగ్గర కూర్చో, ఆకులు వాడిపోతున్నాయి." ఎంత చిన్న మాట, ఎంతకీ బయటికి రాదే! "తప్పు నాది."